మూడు నీళ్ళ తర్వాత

నేను తుప్పును. గేటుకు పడితే మీరు గీకి రంగు పూసే తుప్పే నేనూ. కాకపోతే నన్ను కర్మాగారంలో తయారుచేశారు. గింజలుగా కొట్టి, జల్లించి, డబ్బాలో పోసి మూత బిగించారు. అప్పటినుంచి మీరు నన్ను కొంటున్నారు. నా పని ఒక్కటే: నీళ్ళు నా మీదుగా పారుతుంటే వాటిలో పాచికి ఎరువయ్యే ఫాస్ఫేటును పట్టుకుని ఉంచుకుంటాను.

నా మొదటి యజమాని ఒక బిల్డరు. ఇంటికి వచ్చినవాళ్ళు చూడాలని హాల్లో పగడాల తొట్టి పెట్టించాడు. వచ్చినవాళ్ళు రెండోసారి దానివైపు తిరగలేదు. తొట్టి అమ్మేశాడు. మూత తియ్యని నా డబ్బా చేపల దుకాణం మీదుగా విశాఖపట్నం కంచరపాలెంలో గౌరీశ్వరి ఇంటికి చేరింది.

గౌరీశ్వరి నర్సు. భర్త దాలినాయుడు పోర్టులో క్రేను నడుపుతాడు. మేనత్త కొడుకే కనుక పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలుస్తుంది. వాళ్ళ మేడ ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. ఆ నీళ్ళు మాత్రం తొట్టికి పనికిరావు. ఓడల నూనె, ఊరి కాలువలు అందులోనే కలుస్తాయి. అందుకని అంత సముద్రాన్ని ఎదురుగా పెట్టుకుని, ఫిల్టరు నీళ్ళలో పగడాల తొట్లకని అమ్మే ప్యాకెట్ ఉప్పు కలిపి ఇంకో సముద్రం తయారుచేసుకుంటారు.

ఆ తొట్టిలో ఒక కొమ్మ పగడం ఉంది. గౌరీశ్వరి తెచ్చిన రోజున అది చిటికెనవేలి గోరంత. ఆమె చేతిలో అరచెయ్యంత అయింది. పగడం రాయి కాదు, ప్రాణి. కొమ్మల నిండా చుక్కల్లాంటి నోళ్ళుంటాయి. బాగున్నప్పుడు విచ్చుకుంటాయి, బాగాలేనప్పుడు లోపలికి పోతాయి. గౌరీశ్వరి డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే ముందు ఆ నోళ్ళను చూసేది.

చేపలకు మేత వేసేది దాలినాయుడు. అవి అద్దం దగ్గరికి వస్తే ఆకలేసిందని ఆయన నమ్మకం. అవి ఎప్పుడూ అద్దం దగ్గరే ఉంటాయి. తినగా మిగిలింది కుళ్ళి ఫాస్ఫేటు అయ్యేది. నేను పట్టుకునేదాన్ని. కొన్ని నెలలకు నిండిపోయాను. ఇక పట్టలేకపోయాను. రాళ్ళ మీద పాచి మొదలైంది. అది పాకి పగడం మొదలు దాకా వచ్చింది, కింది కొమ్మను తాకింది. పాచి కప్పితే పగడం చస్తుంది.

కొత్త డబ్బా కోసం అడిగితే సరుకు రాలేదని దుకాణంవాడు చెప్పాడు. నన్నే కాస్టిక్ సోడా నీళ్ళలో నానబెడితే పట్టుకున్నదంతా వదిలేస్తానని, మళ్ళీ పనికొస్తానని గౌరీశ్వరి తెలుసుకుంది.

"నానబెట్టి, బాగా కడగాలి. సోమవారం నాకు సెలవు కదా, నేను చేస్తాను. నువ్వు ముట్టుకోకు బావా," అంది.

ఆదివారం ఉదయం ఆమె డ్యూటీకి వెళ్ళింది. దాలినాయుడు పాచిని చూశాడు. సోమవారం దాకా ఆగలేకపోయాడు. ఆమె వచ్చేసరికి పని అయిపోయి ఉంటే ఆమె ముఖం ఎలా ఉంటుందో కూడా ఊహించుకుని ఉంటాడు.

జాగ్రత్తగానే మొదలుపెట్టాడు. ఆమె గ్లవ్స్ తొడుక్కున్నాడు. బాల్కనీ తలుపు తీశాడు. ప్లాస్టిక్ బకెట్లో నీళ్ళు పోసి, అందులో కాస్టిక్ కొంచెం కొంచెంగా వేశాడు. నీళ్ళు వేడెక్కాయి. నేను అందులో పడ్డాను. నెలల తరబడి పట్టుకున్నదంతా ఆ బకెట్లో వదిలేశాను. నీళ్ళు టీ రంగుకు తిరిగాయి. వాటిని పారబోశాడు.

ఇక బాగా కడగాలి. ఎంత కడిగితే బాగా కడిగినట్టు? ఆ ఇంట్లో బియ్యానికి మూడు నీళ్ళు. మూడో నీళ్ళు తేటగా వస్తే ఎసట్లో పోస్తారు. నాకూ మూడు నీళ్ళే పోశాడు. మూడో నీళ్ళు గ్లాసులో ముంచి, కిటికీ వైపు ఎత్తి చూశాడు. తేటగా ఉన్నాయి. నీళ్ళ ఘాటును పరీక్ష చేసే చుక్కల మందు తొట్టి పక్క అరలోనే ఉంది. దాని జోలికి పోలేదు.

నా గింజల్లో కంటికి కనిపించని సందులుంటాయి. పైన కడిగితే లోపలి కాస్టిక్ పోదు. చెప్పడానికి నాకు నోరు లేదు.

సగం నన్ను తొట్టి పక్కనుండే ఫిల్టరు గొట్టంలో నింపి మోటారు వేశాడు. నా మీదుగా వెళ్ళిన నీళ్ళు తొట్టిలో పడ్డాయి. మిగతా సగం బకెట్లో ఉండగా వంటింట్లోకి వెళ్ళాడు. వంజరం ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించాడు. ఒక గదిలో చేపలకు వైద్యం, పక్క గదిలో చేపల పులుసు. ఆ ఇంట్లో అది ఎవరికీ వింతగా తోచలేదు. చెయ్యి పైపైన కడుక్కుని వచ్చి, గ్లవ్స్ లేకుండానే గింజలు తియ్యడానికి బకెట్లో ముంచాడు.

నీళ్ళు ఎర్రబడ్డాయి.

చెయ్యి తెగిందనుకున్నాడు. వేళ్ళు విడదీసి చూశాడు. గాటు లేదు, నొప్పి లేదు. మళ్ళీ ముంచాడు. గోళ్ళ చుట్టూ ఉన్న పసుపు ఎర్రగా తిరిగింది. అది నెత్తురు కాదు, పారాణి రంగు. పసుపులో సున్నం కలిపితే వచ్చే రంగు. బకెట్లో సున్నం లేదు. అలాంటి ఘాటే ఇంకొకటి ఉంది.

తల తిప్పి తొట్టి చూశాడు. నీళ్ళు పాలు కలిపినట్టున్నాయి. చేపలు పైకొచ్చి నోళ్ళు కొట్టుకుంటున్నాయి. పగడం మీద ఒక్క నోరూ విచ్చుకుని లేదు. మోటారు ప్లగ్గు పీకేశాడు.

అప్పుడే గౌరీశ్వరి హెల్మెట్ చేత్తో పట్టుకుని లోపలికొచ్చింది.

"ఏటయింది?"

"నీకు పని తప్పిద్దామని..."

ఆమె తొట్టి చూసింది, బకెట్ చూసింది. "కడిగావా?"

"కడిగాను. మూడు నీళ్ళు."

"మూడు నీళ్ళేటి బావా, అన్నం వండుతున్నావా?"

చుక్కల మందు తీసి తొట్టి నీళ్ళలో వేసింది. నీళ్ళకు వచ్చిన రంగు, పోల్చి చూసే అట్ట మీది ఆఖరి గడిని కూడా దాటిపోయింది. కలిపి ఉంచిన ఉప్పునీళ్ళు అర బకెట్టే ఉన్నాయి. అవి పోసింది. చాలలేదు.

"సోడాలు తే. ఉత్త సోడా. నిమ్మకాయ వద్దు, ఉప్పు వద్దు."

"ఇప్పుడు తాగుతావేటి?"

"నాక్కాదు, తొట్టికి. అందులో గ్యాసు ఈ ఘాటును విరుస్తాది. బేగి ఎళ్ళు."

సోడా బండి వాడితో మాటలు కిటికీలోంచి వినిపించాయి.

"ఏటి నాయుడూ, ఇన్ని సోడాలు! పెళ్ళివారొచ్చారేటి?"

"పగడం తాగుద్ది. బేగి కొట్టరా బాబూ."

"నిమ్మకాయ పిండమంటావా?"

"ఒద్దన్నాను!"

గౌరీశ్వరి సోడాను గరిటెతో కొంచెం కొంచెంగా పోసింది. ఒక్కసారిగా పోస్తే అదీ ఒక దెబ్బే. పోసి, ఆగి, చుక్కలు వేసి చూసి, మళ్ళీ పోసింది. దాలినాయుడు గరిటె అందుకోబోయాడు.

"నేను పొయ్యనా?"

"నువ్వు నించో."

నించున్నాడు. వంటింట్లో పులుసు సంగతి ఎవరికీ గుర్తులేదు. చీకటి పడేవేళకు రంగు అట్ట మీది గడుల్లోకి దిగింది. చేపలు కిందికి దిగాయి. పగడం తెరుచుకోలేదు.

గొట్టంలోని సగాన్ని కూడా ఆమె బకెట్లోకి ఒంపి, ఆయన ముందు పెట్టింది.

సోమవారమంతా దాలినాయుడు నన్ను కడిగాడు. ఫిల్టరు నీళ్ళు పోసి, నాననిచ్చి, వంచి, మళ్ళీ పోశాడు. నీళ్ళు వంచిన ప్రతిసారీ పసుపు పూసిన గుడ్డపీలిక అందులో ముంచి చూశాడు. పీలికలు ఎర్రగా వచ్చాయి, తర్వాత ఇటుక రంగులో వచ్చాయి. ఒక్కో కడుగుకు నేనూ కొంత అరిగాను. ఆ పొడి నీళ్ళతో తూములోకి పోయింది. ఏదో ఒక కడుగుతో నేను పూర్తిగా పోతాను. మనుషుల దగ్గర పనిచేసేవాటికి అది మామూలే.

మధ్యలో ఒకసారి తొట్టి దగ్గరినుంచి ఆమె పిలిచింది. "బావా."

వెళ్ళాడు. పగడం కింది కొమ్మలు తెల్లబడ్డాయి. అవి మళ్ళీ బతకవు. పై కొమ్మ చివర నోళ్ళు బయటికొచ్చాయి.

"బతికిందా?"

"సగం బతికింది."

ఆయన తిరిగొచ్చి మళ్ళీ నీళ్ళు పోశాడు. సాయంత్రం ముంచిన పీలిక పసుపుగానే ఉండిపోయింది. నమ్మలేక ఇంకొకటి ముంచాడు. అదీ పసుపే. గౌరీశ్వరి వచ్చి చుక్కల మందుతోనూ చూసింది. కడిగిన నేను కొత్త దానిలా ఫాస్ఫేటును గట్టిగా లాగుతాను. నీరసించిన పగడం అంత మార్పు తట్టుకోలేదు. అందుకని నన్ను ఒక్క గుప్పెడే గొట్టంలో వేసి, మిగతాదంతా ఆరబెట్టమంది. పాచి వెనక్కి పోవాలంటే ఆ గుప్పెడు పనిచెయ్యాల్సిందే.

గొట్టం బిగించి ఆమె పక్కకు జరిగింది.

"నువ్వే వెయ్యి."

"నేనా?"

"మరెవరు? కడిగింది నువ్వే కదా."

దాలినాయుడు చెయ్యి లుంగీకి తుడుచుకుని స్విచ్చి నొక్కాడు. నీళ్ళు నా గింజల మధ్యనుంచి పైకి లేచాయి. ఆయన వేలు స్విచ్చి మీదే ఉంచాడు. కళ్ళు పై కొమ్మ మీదున్నాయి. నోళ్ళు అలాగే విచ్చుకుని ఉన్నాయి. వేలు తియ్యలేదు.

"చాల్లే బావా," అంది గౌరీశ్వరి. "చెయ్యి తియ్యి."