పాంపస్‌కి ఉదాహరణ

ఆ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఆఫీసులో ఒక నియమం ఉంది. ప్రతి మాటకూ రాసే ఉదాహరణ కంటితో చూసిందై ఉండాలి. సాయంత్రం నాలుగింటికి పెద్ద ఎడిటర్ లేచి, ఆ రోజు మాటలకు రాసిన చీటీలన్నీ అందరి ముందూ పైకి చదువుతాడు. కల్పించిందని తేలితే చీటీ చెత్తబుట్టకు, రాసినవాళ్లు ఇంటికి. నియమం పెట్టింది కూడా ఆయనే, అడగడానికి ఎవరికి దమ్ముంది?

కొత్తగా చేరిన సబ్ ఎడిటర్‌కు ఉద్యోగం ఖాయమయ్యేదీ కానిదీ ఆ రోజే తేలాలి. మూడు చోట్ల "మళ్లీ కబురు చేస్తాం" అనిపించుకున్నాక దొరికిన పని. అలాంటి రోజున బుద్ధి గడ్డి తిని, "పాంపస్" అనే ఇంగ్లీషు మాటకు సరదాగా ఒక చీటీ రాసుకుంది. తర్వాత పైకి ఇవ్వడానికి అదే మాటకు సినిమా హాలు మేనేజరు మీద మర్యాదగా మరొకటి రాసింది. తీరా చూస్తే మేనేజరు చీటీ ఆమె సంచిలోనే ఉంది. సరదా చీటీ ఎడిటర్ చేతిలోని కట్టలో ఉంది.

"ఏమైందమ్మా, ముఖం అలా పాలిపోయింది?" అన్నాడు పక్క బల్ల ప్రూఫ్‌రీడర్.

"కొంప మునిగింది బాబాయ్."

ఎడిటర్ రెండుసార్లు గొంతు సవరించుకుని అందుకున్నాడు.

"పాంపస్. తన గొప్పతనాన్ని తానే ఊరేగించే. ఉదాహరణ: ఆయన మంచినీళ్లు అడిగినా సభలో ఉపన్యాసంలా ఉంటుంది. రెండుసార్లు గొంతు సవరించుకుని, అందరూ చూస్తున్నారని..."

గొంతు ఆగిపోయింది. టైపిస్టు పెదవి కొరుక్కుంది.

"ఇది మీరు ఎక్కడ చూశారు?"

కల్పించానంటే ఉద్యోగం పోతుంది. నిజం చెప్పినా పోయేలాగే ఉంది. ఎలాగూ పోయేదానికి అబద్ధం ఎందుకని తెగించింది.

"ఇక్కడేనండి."

ఆయన చీటీ బల్ల మీద పెట్టాడు. తర్వాత పెన్ను తీశాడు.

"అర్థం సగమే రాశారు. 'ఆ సంగతి తనకే తెలియని' అని చేర్చండి." కింద సంతకం పెట్టాడు. "రేపటి నుంచి మీరు పర్మనెంట్."

గొంతు సవరించుకోకుండానే కూర్చున్నాడు. ప్రూఫ్‌రీడర్ ఆమె చెయ్యి నొక్కాడు, కానీ ఆమెకు సంతోషం రాలేదు, సిగ్గేసింది. కాసేపటికి ఎడిటర్ ఎవరినీ పిలవకుండా తనే లేచి వెళ్లి, మూలనున్న కూజాలోంచి గ్లాసెడు నీళ్లు వంచుకున్నాడు.