కత్తెర పడని దారం

సాయంత్రం ఐదింటికి ఏడో నంబరు మందును కాల్చి బూడిద చేయమని ప్రయోగశాల పెద్దావిడ సంతకం చేసేసింది. అప్పుడు సమయం రెండుంపావు.

ఆ కాగితం చూడగానే పరిశోధకురాలికి తమ్ముడు గుర్తొచ్చాడు. అతను పశువుల డాక్టరు. ఏదో పశువు నుంచి అంటుకున్న, మశూచి జాతి పాక్స్ వైరస్ మూడు నెలలుగా అతని చేతిని వదలడం లేదు. కిడ్నీ మార్చాక వేసుకుంటున్న మాత్రలు ఒంట్లో రోగంతో పోరాడే శక్తిని అణిచేశాయి. ఉన్న మందులన్నీ చేతులెత్తేశాయి. మిగిలిన ఆశ ఈ ఏడో నంబరే.

ఈ ల్యాబులో మొదటి వడపోత ఒక్కటే. మందు వేసిన కణాల్లో వైరస్ డీఎన్‌ఏ తగ్గిందా లేదా? తగ్గలేదు. ఇక దానికి నీళ్లొదులుకోవడమే.

ఒక్కటి మాత్రం ఆమెకు మింగుడుపడలేదు. మందు తగిలిన డీఎన్‌ఏను, కరెంటు పెట్టి పొట్టి పోగుల్ని ముందుకూ పొడుగువాటిని వెనక్కూ విడదీసే జెల్‌లో పోస్తే, పోసిన గుంటలోనే మొండికేసి కూర్చుంటోంది. పోయడం రాదంటూ టెక్నీషియన్ బాబాయిని మూడుసార్లు కోప్పడింది.

"నాలుగోసారి నువ్వే పొయ్యమ్మా. పాపిష్టి చెయ్యి నాదేగా," అన్నాడాయన.

నిన్న తనే పోసింది. పొద్దున చూస్తే అదే మొండితనం. తప్పు చేతిది కాదు. మరి ఆ దారం కదల్లేనంత పొడవుందా?

వెంటనే, నిర్ణీత చోట్ల మాత్రమే కోసే ఎంజైముతో ఆ డీఎన్‌ఏను ముక్కలు చేసి, కొత్త జెల్ మీద నడిపించింది. నాలుగున్నరకు జెల్ కింద, డీఎన్‌ఏను మెరిపించే దీపం వేసింది.

మామూలు వైరస్‌లో కురచగా ఉండాల్సిన చివరి ముక్క, మందు వేసినదాంట్లో సరిగ్గా రెండింతలుంది.

కంటికి కనపడని ఆ పురుగు కణం నడిబొడ్డున ఉన్న కేంద్రకం గడప తొక్కదు. బయటే సొంత దుకాణం పెట్టుకుంటుంది, పనిముట్లూ తనవే. దాని డీఎన్‌ఏ రెండు పోగుల తాడు. చివర్లలో ఆ పోగులు మడత తిరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి, తెగిన కొన ఎక్కడా ఉండదు. నకలు తీసే ఎంజైము చివరికొచ్చినా ఆగదు. మలుపు తిరిగి రెండో పోగు పట్టుకుని వెనక్కొస్తుంది. అందుకే నకళ్లు తలకు తలా, తోకకు తోకా అతుక్కుని గొలుసులా పుడతాయి. అతుకు దగ్గర రెండు చివరి ముక్కలు ఒక్కటిగా ఉంటాయి, జెల్ మీద కనిపించిన రెండింతలు అదే. ఆ అతుకుల్ని గుర్తుపట్టి కోయడానికి వైరస్ ఓ కత్తెర కూడా వెంట తెచ్చుకుంటుంది. ఇంత బుద్ధి, మెదడే లేని దానికి! ఏడో నంబరు నకళ్లను ఆపలేదు. కత్తెరను మొద్దు చేసింది. కోయని గొలుసును ఏ వైరస్సూ తన పొట్టలో సర్దుకోలేదు.

జెల్ పట్టుకుని పెద్దావిడ గదికి పరుగెత్తింది.

"ఎన్ని నకళ్లున్నాయో లెక్కపెట్టాం మేడం. పొడవు చూళ్లేదు."

ఆవిడ కళ్లద్దాలు పైకి నెట్టి చాలాసేపు చూసింది. కాల్చమన్న కాగితం మీది తన సంతకాన్ని గీత పెట్టి కొట్టేసి, రేపటి నుంచి ఎలుకల మీద పరీక్ష మొదలుపెట్టమంది.

పరిశోధకురాలు తమ్ముడికి ఫోన్ చేసి సంగతి చెప్పింది. పనిచేస్తుందని మాటివ్వలేనని కూడా చెప్పింది.

"ముందు ఎలుకలకా, తర్వాత నాకా?" అన్నాడు వాడు. "సరేలే, పశువుల డాక్టర్ని. వాటి వెనక నిలబడ్డానికి నాకు నామోషీ ఏం లేదు."