అరవై నాలుగు డిగ్రీలు

అమలాపురం తాలూకాలో అంకెలు రాయడంలో నన్ను మించినవాడు పుట్టలేదు. నేను రాసిన చార్టుకి సైన్సు ప్రదర్శనలో జిల్లా మొత్తం మీద మొదటి బహుమతి వచ్చింది. కలెక్టరుగారంతటివారు దాని ముందు నిలబడిపోయి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు.

నా పేరు సూరిబాబు. గడియారస్తంభం వెనక సందులో బోర్డులు రాసే కొట్టు నాది. చదువు వీధిబడిలో అయిదో తరగతి వరకే. అయితేనేం, సఖినేటిపల్లి రేవు నుంచి కొత్తపేట దాకా మీరు ఏ కొట్టు పేరు చదివినా అది నా చేతిరాతే. రేవులో హోటలు బోర్డు మీద నేను వేసిన పులస చేపని ఓ పిల్లి రోజూ నాకి నాకి తోక అరగదీసేసింది. ఏడాదికోసారి పనిగట్టుకుని వెళ్ళి తోక దిద్ది వచ్చేవాణ్ణి. హోటలాయన మాత్రం వానకి రంగు పోయిందనేవాడు. ఆయనకేం తెలుసు? పిల్లిని చూసినవాణ్ణి నేను.

సరే, బహుమతి సంగతి. జిల్లా అన్నాను గానీ, అది తాలూకా ప్రదర్శనే. కలెక్టరుగారు రాలేదు. కాలనీ ఇళ్ళ మీద అజమాయిషీ చేసే అధికారి ఒకాయన వచ్చారు. ఇక మొదటి బహుమతా? మొదటిదీ రాలేదు, చివరిదీ రాలేదు. మిగిలిందంతా నిజమే, వినండి.

అది ఎనభై నాలుగు వేసవి. మా సందు చివర కాలనీ ఉంది. అంతకు ముందేడు అక్కడి పాకలు తగలబడితే, గోడలు లేపి అందరికీ రేకులు వేయించారు. ఇంటి మీద ఆకు ముక్క కనబడితే పట్టా రద్దని కూడా చెప్పారు. అందులో ఓ ఇల్లు ఇస్సాకుది. లారీలకి కొబ్బరికాయలు ఎక్కించే ఎగుమతి కూలీ అతను. భార్య దానమ్మకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి కాలనీలో ఉన్నవాళ్ళంతా ఇళ్ళు వదిలి గోడ వారన కూర్చునేవారు. ఆ నీడ మనిషి ఒదిగి కూర్చునేంతే ఉండేది, మంచం పట్టేది కాదు. అందుకని దానమ్మ లోపలే ఉండేది. కూతురు విజయకుమారి తడిగుడ్డతో ఆవిడ ఒళ్ళు తుడుస్తూ, తుడిచిన గుడ్డ ఆరిపోతే మళ్ళీ తడుపుతూ ఉండేది.

ఆ పిల్ల తొమ్మిది ప్యాసై పదిలోకి వచ్చింది. ఓ రోజు థర్మామీటరున్న చెక్కపెట్టె పట్టుకుని మా కొట్టుకి వచ్చింది.

"తాతగారండీ, మీ కొట్టు రెండో గది మీద కొబ్బరాకు తడికలు కప్పుకోనిస్తారా అండీ?"

"ఏం, నా కొట్టుకి పెళ్ళి పందిరి వేస్తావా?"

"ప్రయోగమండీ. మా సైన్సు కృష్ణమూర్తి మేష్టారు థర్మామీటరు ఇచ్చేరు. ఓ గదికి ఒట్టి రేకు, ఓ గదికి ఆకు కప్పిన రేకు. తారు రోడ్డు మీద కూడా చూస్తానండి. రోజూ మధ్యాహ్నం రెండు గంటలకి."

"చూసి ఏం చేస్తావే? ఎండ మీద కేసు పెడతావా?"

"ఆయ్, అలాంటిదేనండి," అంది నవ్వుతూ. "సైన్సు ప్రదర్శనకి మా కాలనీ ఆఫీసరుగారే వస్తారంటండి. చార్టు కట్టి చూపిస్తాను. రేకుల మీద ఆకు కప్పుకోమని ఆయన ఓ సంతకం పెడితే చాలండి. మళ్ళీ వేసవంటే మా అమ్మ..."

చెక్కపెట్టె మూత తీసి థర్మామీటరు చూపించింది.

నా కొట్టు రెండు గదులకీ రేకులే. కాలనీలోది కాదు కాబట్టి ఆకు కప్పుకుంటే అడిగేవాళ్ళు లేరు. ఇరవై ఒక్క రోజులు ఆ పిల్ల తప్పకుండా వచ్చింది. బోర్లించిన రంగు డబ్బా మీద స్టాండు పెట్టి, థర్మామీటరు వేలాడదీసి, పక్కన నిలబడేది. నేను చూద్దామని దగ్గరికి వెళితే కసిరేది.

"దూరం జరగండి తాతగారండీ! మీ చుట్ట వేడి కూడా అందులోకి ఎక్కేస్తాది."

"ఎక్కనీ. మీ ఆఫీసరుకి చుట్ట వాసన కూడా తెలుస్తుంది."

సగటు కట్టగా తారు రోడ్డు మీద నలభై ఒకటి, ఒట్టి రేకు కింద నలభై నాలుగు, ఆకు కప్పిన రేకు కింద ముప్పై ఎనిమిది వచ్చాయి. కృష్ణమూర్తి మేష్టారు ఆ పిల్ల రోజూ అంకెలు రాసుకున్న పుస్తకమంతా తిరగేసి కింద సంతకం పెట్టారు.

జనవరిలో ప్రదర్శన. ముందురోజు సాయంత్రం రెండు డ్రాయింగు షీట్లు మైదా జిగురుతో అతికించి, పెన్సిలుతో గీతలు గీసి తెచ్చింది. మేష్టారు కూడా వచ్చారు.

"సూరిబాబుగారూ, బొమ్మలు మీ ఇష్టం. అంకెలు మాత్రం పిల్ల రాసింది రాసినట్టు దించండి."

"అంకెల సంగతి నాకు చెబుతారా మేష్టారూ?" అన్నాను.

తల్లికి గంజి తాగించే వేళైందని ఆ పిల్ల వెళ్ళిపోయింది. నేను కుంచె పట్టాను. పైన సూర్యుణ్ణి వేశాను, మీసాలతో సహా. కింద రోడ్డు, రేకుల ఇల్లు, ఆకు కప్పిన ఇల్లు. ఒక్కోదాని పక్కన ఎర్రటి పాదరసం గీత. వెనక్కి జరిగి చూద్దును కదా, మూడు గీతలూ దాదాపు ఒక్క ఎత్తే ఉన్నాయి. నలభై ఒకటి, నలభై నాలుగు, ముప్పై ఎనిమిది. ఆరు డిగ్రీల తేడా. ఆరు డిగ్రీలకి ఏ ఆఫీసరు మనసు కరుగుతుంది? నా అరవై ఏళ్ళలో ఉన్నదున్నట్టు చెప్పినందుకు నాకెవడూ టీ కూడా ఇప్పించలేదు. దానమ్మ మంచం కళ్ళ ముందు కదిలింది. నలభై నాలుగుని అరవై నాలుగు చేసేశాను. ఎర్రగీత సూర్యుడి మీసం దాకా లేచింది. అప్పుడు గానీ నాకు తృప్తి కలగలేదు.

పొద్దున్న చార్టుని చుట్టచుట్టి ఇచ్చాను. హాల్లో పురికొసకి తగిలించాకే ఆ పిల్ల దాన్ని చూసింది.

"తాతగారండీ... ఇది అరవై అని ఉందండి."

"దూరానికి కనబడాలి కదే. ఓ ఇరవై కలిపాను."

"కలపడమేంటండీ! మార్చండి. కుంచె తెచ్చేరా?"

కుంచె ఎక్కడిది? ఇస్త్రీ పంచె కట్టుకుని మెప్పులు విందామని వచ్చాను. ఆ పిల్ల బాల్‌పెన్నుతో ఆరుని నాలుగు చేయబోయింది. రంగు మీద సిరా పట్టలేదు. గోటితో గీకింది. గీకుతుండగానే అధికారి వచ్చేశారు, వెనకాల ముగ్గురు నలుగురితో.

"అరవై నాలుగా! ఆ ఇంట్లో గుడ్డు పెడితే ఉడికిపోవాలే అమ్మాయ్!" అన్నారు. వెనకున్నవాళ్ళు నవ్వారు.

"నలభై నాలుగండి. చార్టులో తప్పు పడిందండి. ఇదిగోండి పుస్తకం. రోజూ రాసేనండి."

"చార్టులో ఒకటి, పుస్తకంలో ఒకటి. ఏది నమ్మమంటావు?"

"పుస్తకంలోది నిజమండి," అన్నారు కృష్ణమూర్తి మేష్టారు. "నేను చూసి సంతకం పెట్టేను. వాళ్ళ అమ్మగారు ఆ రేకుల కిందే మంచంలో ఉన్నారండి."

"పాపమే మేష్టారూ. కానీ ఆకంటే నిప్పు. మళ్ళీ తగలబడితే జవాబు చెప్పాల్సింది నేను. ఎందుకు ఒప్పుకున్నావని పైవాళ్ళు అడిగితే ఈ అరవై నాలుగు చూపించనా?"

అప్పుడు నేను జనాన్ని తోసుకుని ముందుకి వెళ్ళాను. "అయ్యా, ఆ అంకె నా చేతిది. పిల్ల తప్పేం లేదు. నన్నేమైనా అనండి, ఆ పుస్తకం ఒక్కసారి చూడండి," అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "పోయి బోర్డులు రాసుకోవయ్యా," అని పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

ఇంటికి వస్తూ విజయకుమారి చార్టుని చుట్టి చంకలో పెట్టుకుని నడిచింది. సందు మొదట్లో, "పుస్తకం తెరవనే లేదండి ఆయన," అంది.

తరవాత ఇస్సాకు రెండు అర్జీలు పెట్టాడు. జవాబు లేదు. వేసవి వచ్చింది. రేకు కింద తడి గోనెలు కట్టారు. గంటకే ఆరిపోయేవి. రోహిణి కార్తెలో మూడో రోజు మధ్యాహ్నం దానమ్మ పోయింది. వడదెబ్బ అన్నారు డాక్టరుగారు.

సమాధి మీద పెట్టే చెక్క సిలువకి పేరు రాయమని ఇస్సాకు నా దగ్గరికే తెచ్చాడు. "పుట్టిన సంవత్సరం తెలీదండి. పోయిన తారీఖు చాలండి," అన్నాడు. నేను రాస్తున్నంతసేపూ విజయకుమారి నా పక్కనే నిలబడి ఒక్కొక్క అంకే చూసింది. అయిపోయాక తలూపింది. ఆ ఇంటి మీద ఇప్పటికీ ఆ రేకులే ఉన్నాయి.

మిగిలిందంతా నిజమే అన్నాను కదా. ఒక్కటి మాత్రం నిజం కాదు. అధికారి ముందుకి నేను వెళ్ళలేదు. జనం వెనక నిలబడ్డాను. మేష్టారు వెనక్కి తిరిగి నాకేసి చూశారు, పిల్ల కూడా చూసింది. ఊరంతా నోరుగలవాడంటుంది నన్ను. నేను తల వంచుకుని పంచె అంచు సర్దుకున్నాను.