మా వదిన చదివిన వార్నింగులు

మా వదినకు ఉద్యోగం ఇప్పించింది నేనేనని ఆఫీసులో చాలామంది అనుకునేవారు. అది నిజం కాదు. పేర్లు దాచి పెట్టిన రాతపరీక్షలో ఆవిడకు రెండో స్థానం వచ్చింది. ఇంటర్వ్యూ చేసిన ముగ్గురిలో నేను లేను. అయితే ఏం, పన్నెండేళ్ళు ఇంటిపట్టున ఉండి నలభై నాలుగో ఏట మళ్ళీ ఉద్యోగంలో చేరిన మనిషి, పైగా టీము మేనేజరుకు స్వయానా అన్న భార్య. లోకం నోటికి మూత పెట్టగలమా? కాఫీ మిషన్ దగ్గర ఆవిడకు "సిఫార్సు వదిన" అని పేరు పెట్టేశారు. అది విని నేను ముఖం మాడ్చుకుంటే ఆవిడ పకపకా నవ్వింది.

"పోనీలే, చేరిన వారానికే బిరుదు ఎంతమందికి వస్తుంది?"

ఆ పేరుకు భయపడింది నేనే. పక్షపాతం చూపిస్తున్నానని ఎవరూ అనకూడదని, టీములో ఎవరూ ముట్టని పని ఏరికోరి ఆవిడకు అప్పగించాను.

మా కంపెనీ ఆస్పత్రుల్లో రోగికి సూదిగుండా మందు ఎక్కించే పంపులకు ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేస్తుంది. అందులో అన్నిటికంటే అడుగున ఉండే కెర్నల్ మా టీముది. మోటారు, తెర, బ్యాటరీ, నెట్‌వర్క్ తీగ, ఏది కదలాలన్నా కెర్నల్ ఊ అనాలి. ఆ కోడును నడపకుండానే, ఊరికే చదివి "ఇక్కడ నాకు అనుమానంగా ఉంది" అని చెప్పే టూల్ ఒకటి మా దగ్గర ఉంది. ప్రతి సోమవారం పొద్దున అది మొత్తం కోడు చదివి వార్నింగుల పట్టీ పంపేది. వదిన చేరేనాటికి ఆ పట్టీలో రెండువేల మూడువందల పదిహేడు ఉన్నాయి. పదింట తొమ్మిది ఉత్తుత్తివే. ఆకు కదిలినా మొరిగే కుక్కను ఎవరు పట్టించుకుంటారు? పట్టీ వచ్చేది, మేం తెరిచేవాళ్ళం కాదు.

ఈసారి పంపులు కొనేవాళ్ళు షరతు పెట్టారు. కొత్త రిలీజులో వార్నింగులు సున్నా ఉండాలి. పది వారాల గడువు.

సున్నా చేయడం బ్రహ్మవిద్య ఏమీ కాదు. అనుమానం ఉన్న వరుస పక్కన ఒక చిన్న గుర్తు రాస్తే చాలు, టూల్ మళ్ళీ దాని ఊసెత్తదు.

"రోజుకు యాభై చొప్పున గుర్తులు పెట్టుకుంటూ పోండి, వదినా" అన్నాను.

"చదవకుండానా?"

"చదువుతూ కూర్చుంటే పదేళ్ళు పడుతుంది."

"అంటే, చూడకుండానే చూశానని సంతకం పెట్టమంటున్నారన్నమాట, సార్."

ఇంట్లో నన్ను "నువ్వు" అనే మనిషి ఆఫీసులో "సార్" అన్నదంటే మొట్టికాయ వేసిందని అర్థం. నేను నసిగాను. ఆవిడ వాదించలేదు. ప్రింటరు పక్కన, జనం అటూ ఇటూ తిరిగే దారిలో ఉన్న తన బల్ల దగ్గరికి వెళ్ళి లావుపాటి నోటుపుస్తకం తెరిచింది. మొదటి వార్నింగు సంఖ్య రాసింది. దాని పక్కన, అది నిజమో అబద్ధమో, ఎందుకో, ఒక్క వాక్యంలో.

మూడు వారాల్లో నాలుగువందల పది తేల్చింది. అందులో ముప్ఫై ఒకటి చిన్నవైనా నిజమైన తప్పులు. సరిచేయించింది. ఇక పంతొమ్మిది వందల చిల్లర మిగలాలి. నాలుగో సోమవారం పట్టీ తెరిచి చూస్తే రెండువేల ఆరువందల నలభై! కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. తగ్గాల్సింది పెరిగింది. పరుగున ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళాను.

"పాత గుర్తులు ఏడువందల ముప్ఫై మూడు ఉంటే అన్నీ తీసేశాను" అంది తల ఎత్తకుండా.

"చచ్చిన పాముల్ని మళ్ళీ బతికించారేంటి వదినా!"

"గుర్తు పెట్టిన రోజున చచ్చాయి, నిజమే. ఆ తర్వాత చుట్టూ ఉన్న కోడు ఎంత మారిందో చూశావా? ఇప్పుడు చచ్చి ఉన్నాయో, పడుకుని ఉన్నాయో ఎవరు చూశారు?"

నాకు కోపం వచ్చింది. ఆ ఆదివారం వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినప్పుడు అన్నయ్య దగ్గర మొర పెట్టుకున్నాను. అన్నయ్య కారు నడపడం నేర్పే బడి నడుపుతాడు. రోజంతా గేర్లు విరగ్గొట్టే వాళ్ళ పక్కన కూర్చుని కూర్చుని దేనికీ ఉలకడు, పలకడు.

"మీ ఆవిడ నా ఉద్యోగానికి ఎసరు పెడుతోంది అన్నయ్యా."

"నాకు పెట్టి పదిహేడేళ్ళయింది. ఇంకా కాగుతూనే ఉంది. నువ్వు కంగారుపడకుండా తిను" అన్నాడు.

వదిన నా కంచంలో ఇంకో గరిటె వడ్డించి, "రేపు ముప్ఫై చూస్తాను, చాలా?" అంది. ఆ ముప్ఫై కూడా చదివే చూస్తుందని ఇద్దరికీ తెలుసు.

ఆరో వారం, బుధవారం మధ్యాహ్నం, ఆవిడ నా గదిలోకి వచ్చి తలుపు వేసింది.

"ఒకటి దొరికింది. నువ్వు ముందు కూర్చో."

ఆఫీసులో ఆవిడ తలుపు వేసి మరీ నన్ను కూర్చోమనడం అదే మొదటిసారి. కూర్చున్నాను.

నెట్‌వర్క్ తీగను చూసుకునే కోడు అది. కెర్నల్‌లో ఒకే వస్తువును ఇద్దరు ఒకేసారి ముట్టుకోకుండా తాళాలుంటాయి. పని మొదలుపెట్టేవాడు తాళం వేసుకుంటాడు, అయ్యాక తీస్తాడు. తీసేదాకా మిగతావాళ్ళు గుమ్మం బయట నిలబడాలి. వార్నింగు ఏమంటోందంటే, "1184వ వరుసలో వేసిన తాళం తీయకుండానే బయటపడే దారి ఉంది" అని. ఆవిడ తీసేసిన పాత గుర్తుల్లో ఒకటి దాని మీద ఉండేది, పదకొండేళ్ళ కిందటిది. పక్కన మా రిటైరైన పెద్దాయన రాత: "చూశాను. అబద్ధం." మా కెర్నల్‌కు పునాది వేసింది ఆయనే.

"ఆయన చూశానంటే చూసినట్టే వదినా. ఇంకేముంది?"

"నేనూ అలాగే అనుకున్నా. అయినా పొద్దున ఫోన్ చేశాను. మొక్కలకు నీళ్ళు పోస్తున్నారట. గొట్టం పక్కన పడేసి అరగంట మాట్లాడారు. 'నేను చూసినప్పుడు ఆ గదికి ఒకటే గుమ్మం అమ్మా, రెండోది నేను పెట్టలేదు' అన్నారు."

"మరి ఎవరు పెట్టారు?"

ఆవిడ తన చేతిలోని కాగితం నావైపు తిప్పి బల్లమీద పెట్టింది. మా కోడులో ఏ వరుస ఎవరు, ఏ రోజు రాశారో నమోదై ఉంటుంది. ఆరేళ్ళ కిందట చేర్చిన నాలుగు వరుసలు. సమాచారం చదువుతుండగా తీగ ఊడిపోతే, ఇక ఆగకుండా వెంటనే బయటికి వచ్చేయమని. వాటి పక్కన ఉన్నది నా పేరు.

"మనిషి స్నానాలగదిలో దూరి, లోపల గడియ పెట్టుకుని, కిటికీలోంచి దూకి పోయాడన్నమాట" అంది వదిన మెల్లగా. "బయటవాళ్ళు తలుపు కొడుతూనే ఉంటారు."

మరో రోజైతే పగలబడి నవ్వేవాడిని. ఆవిడ ఇంకో కాగితాల బొత్తి ముందు పెట్టింది. రెండేళ్ళలో ఆస్పత్రుల నుంచి వచ్చిన తొమ్మిది ఫిర్యాదులు. అన్నిటిదీ ఒకటే మాట: పంపు తెర బిగుసుకుపోయింది, ఆపి మళ్ళీ వేస్తే బాగానే ఉంది. అలారానికి వేరే సర్క్యూట్ ఉంది కాబట్టి ప్రతిసారీ మోగింది, నర్సులు పరుగెత్తుకొచ్చారు, ఎవరికీ ఏమీ కాలేదు. మా దగ్గర ఎంత ప్రయత్నించినా అది మళ్ళీ జరగకపోయేసరికి "నెట్‌వర్క్ సమస్య" అని రాసి మూసేశాం. మూసిన సంతకం కూడా నాదే. ఆ తొమ్మిదింటిలో ఏడుచోట్ల నర్సులు ఒక ముక్క రాశారు, రోగిని వేరే గదికి మారుస్తుండగా అని. మార్చాలంటే తీగ పీకాలి. ఆ ముక్క నేను ఏడుసార్లు చదివాను. ఒక్కసారీ చూడలేదు.

"ఎవరికైనా చెప్పారా?" అన్నాను. 

"లేదు. నువ్వు చెబుతావని నీకే తెచ్చాను."

ఆ సాయంత్రమే టీముకు చెప్పాను. అయితే అనుమానం వేరు, రుజువు వేరు. మర్నాడు పరీక్షల గదిలో కూర్చున్నాం. కిటికీలు లేని గది, ఇనుప అరల మీద పన్నెండు పంపులు, ఒక్కోదాని కింద ప్లాస్టిక్ పళ్ళెంలో చుక్కచుక్కగా పడుతున్న నీళ్ళు. కనురెప్ప పడేలోగా పంపు సమాచారం చదివేస్తుంది, సరిగ్గా ఆ మధ్యలో తీగ ఊడాలి. వదిన ఎత్తుపీట మీద కూర్చుని తీగ పీకడం, పెట్టడం, పీకడం మొదలుపెట్టింది. ఆ ఫిర్యాదుల్ని ఇన్నాళ్ళూ పరీక్షిస్తూ వచ్చిన మా పరీక్షకుడు లెక్కపెడుతున్నాడు. "సిఫార్సు వదిన" అనే పేరు పుట్టించిన మహానుభావుడు అతనే. వందకు ఆవిడ బొటనవేలు ఎర్రబడింది. నేను తీసుకుని మరో ఎనభై లాగాను. మళ్ళీ ఆవిడ లాక్కుంది.

రెండువందల పదమూడోసారి తెరమీద మందు లెక్క చూపే అంకె నలభై ఒకటి దగ్గర ఆగిపోయింది. క్షణం తర్వాత ఎర్రదీపం వెలిగి అలారం గదంతా హోరెత్తింది. పరీక్షకుడు కుర్చీ వెనక్కి తన్నేసి లేచాడు.

"దొరికిందండీ! దొరికేసింది! రెండేళ్ళుగా నా ప్రాణం తీసింది ఇదే!"

వదిన ముందు గడియారం చూసి సమయం రాసుకుంది. తర్వాతే నవ్వింది. అతను చెవులు చిల్లులుపడే ఆ మోతలోనే ఆవిడకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఆ తర్వాత ఆ పేరు నేనెప్పుడూ వినలేదు.

సవరణ మీరే రాయండి అంటే ఆవిడ ఒప్పుకోలేదు. "నీ కిటికీ నువ్వే మూసుకో." మూసి పంపాను. అరగంటలో తిరిగొచ్చింది: పక్కనున్న కోడు ముక్క‌లోనూ ఇలాంటి కిటికీ ఉంది, చూడలేదా? నిజంగానే చూడలేదు. రెండోసారికి ఒప్పుకుంది. సరిచేసిన పంపు మీద తీగను రెండువేలసార్లు లాగాం, ఈసారి వంతులవారీగా టీమంతా. ఒక్కసారీ బిగుసుకోలేదు.

ఆస్పత్రులకు వెళ్ళే నివేదిక నేనే రాశాను. కారణం దగ్గర నా నాలుగు వరుసలు, నా పేరు. కనిపెట్టినవారి దగ్గర ఆవిడ పేరు. డైరెక్టరుగారు అది చదివి నన్ను పిలిచి చీవాట్లు పెడతారనుకున్నాను. డైరెక్టరుగారు మాత్రం కొనేవాళ్ళతో మాట్లాడి గడువు ఎనిమిది వారాలు పెంచుకుని, వదిన కింద ఐదుగురిని వేశారు. నేను ఆరోవాణ్ణి, అడక్కుండానే చేరాను.

గడువు ముగిసే రోజున డైరెక్టరుగారు "సున్నా అయిందా?" అని అడిగారు.

"లేదండీ, పద్నాలుగున్నాయి" అంది వదిన. "సున్నా కావాలంటే అరనిమిషం పని, పద్నాలుగు గుర్తులు పెట్టేస్తే సరి. కానీ అవేమిటో నాకింకా తేలలేదు. తేలనిదాన్ని తేలిందని ఎలా రాయను? ఎందుకు తేలలేదో ఇందులో రాశాను."

 డైరెక్టరుగారు ఆ రెండు పేజీలూ చివరిదాకా చదివి, మా ముందే కొనేవాళ్ళకు ఫోన్ చేసి పద్నాలుగని చెప్పారు. అవతలివాళ్ళు ఆ కాగితం పంపమన్నారు. చదువుకుని, నిజం రాసిన పట్టీ తమకు మొదటిసారి వచ్చిందని ఒప్పుకున్నారు. 

ఏడు నెలలు గడిచాయి. బిగుసుకున్న పంపు గురించి ఒక్క ఫిర్యాదు రాలేదు. ఈలోగా పక్క టీము పెద్ద వచ్చి, మీ వదినగారిని రెండు నెలలు అరువిస్తారా అని అడిగాడు. ఆవిడేమైనా నిచ్చెనా అరువివ్వడానికి, వెళ్ళి ఆవిడనే అడగమన్నాను. వదిన వాళ్ళ కోడు చదవనంది, చదవడం నేర్పుతానంది.

మొదటి పాఠానికి ఇరవైమంది వచ్చారు. నేను చివరి వరుసలో కూర్చున్నాను. ఆవిడ తెరమీద 1184వ వరుసను చూపించింది. ఎవరిదో చెప్పలేదు. "ఇది ఉత్తుత్తిదే, వదిలేయొచ్చు అనేవాళ్ళు చేతులెత్తండి" అంది. పదిహేను చేతులు లేచాయి. అప్పుడు జరిగిందంతా చెప్పుకొచ్చింది. ఎత్తిన చేతులు ఎప్పుడు దిగాయో దిగాయి. చివరికి ముందువరుస అమ్మాయి అడిగింది:

"ఆ నాలుగు వరుసలు రాసిందెవరు మేడమ్?"

"ఎవరైతే ఏంటమ్మా..." అంటోంది వదిన.

నేను లేచి నిలబడ్డాను. "రాసింది నేను. కనిపెట్టింది మా వదిన."

ఇరవై తలలు నావైపు తిరిగాయి. ఒకరిద్దరు నవ్వారు కూడా. జీవితంలో ఎన్నోసార్లు నా పని గురించి నలుగురిలో నిలబడి చెప్పుకున్నాను కానీ, అంత నిటారుగా ఎప్పుడూ నిలబడలేదు. వదిన నావైపు చూసి తల పంకించి, రెండో వార్నింగు తెరమీదికి తెచ్చింది.