రెండూ కుడిచేతులే

మా మనవరాలిని ఇంట్లో అందరం పిచ్చుక అంటాం. నిద్రలో తప్ప దాని నోరు మూతపడదు. అలాంటిది ఆ రోజు ఉదయం నుంచి నా కుట్టుమిషను పక్కన కంప్యూటర్ పెట్టుకుని ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. ఇచ్చిన టీ ఇచ్చినట్టే చల్లారిపోయింది. నాకు రెండో తరగతితో చదువు సరి. కానీ యాభై ఏళ్లు మనుషుల భుజాలు కొలిచినదాన్ని, ఎవరి భుజం ఎందుకు వాలిందో తెలియకపోదు.

అది మందుల మీద పరిశోధన చేస్తోంది. నాలుగేళ్ల పనిని పుస్తకంగా రాసింది. సాయంత్రం ఐదు లోపల కాలేజీకి పంపాలి, దాటితే మళ్లీ ఆరు నెలల దాకా తీసుకోరట. అందులో తొమ్మిది అణువుల బొమ్మలున్నాయి. వాళ్ల మేడమ్ చూసి, ఒకటి తప్పు, ఏదో నువ్వే పట్టుకో, సరిచేసేదాకా సంతకం పెట్టను అందట.

బొమ్మలంటే తేనెపట్టులో గదుల్లాంటి గళ్లు, వాటి నుంచి గీతలు, గీతల చివర ఇంగ్లీషు అక్షరాలు. కోసుగా లావెక్కినవి మన వైపు వచ్చేవట. కుట్టు టాకాల్లా తెగి తెగి ఉన్నవి వెనక్కి పోయేవట.

"గీతలు లెక్కపెట్టాను, అక్షరాలు లెక్కపెట్టాను. తొమ్మిదీ సరిగ్గానే ఉన్నాయి నానమ్మా."

"లెక్క సరిపోతే చొక్కా సరిపోయినట్టేనటే?" అన్నాను.

వాళ్ల తాత చొక్కా సంగతి అప్పుడు చెప్పాను. పెళ్లయిన కొత్తలో నేను కుట్టిన మొదటి చొక్కా అది. ఒక వైపే అచ్చు వేసిన గుడ్డ. మడత పెట్టి కత్తిరిస్తే ఒక చెయ్యి కుడిది, ఒకటి ఎడమది వస్తాయి. నేను మడవకుండా, చెయ్యి ఆకారానికి కోసుకున్న అట్టముక్కను రెండుసార్లూ ఒకేలా పరిచి కత్తిరించాను. కొలతల్లో నూలుపోగు తేడా లేదు, కానీ రెండూ కుడిచేతులే. అట్టను గుండ్రంగా ఎంత తిప్పినా కుడి కుడే, బోర్లిస్తేనే ఎడమ. ఆయన దాన్నే తొడుక్కుని పనికి వెళ్లి, పొద్దుగూకేదాకా ఎడమచెయ్యి ఎత్తకుండా గడిపి వచ్చారు. చెప్పలేదేమని అడిగితే, తప్పు చొక్కాది కాదులే, నా ఎడమచెయ్యికే ఇంకా పద్ధతి తెలియలేదు అన్నారు.

పిచ్చుక నవ్వలేదు. నేనే మళ్లీ అడిగాను, ఈ బొమ్మలన్నీ బడిపిల్లల్లా ఒకే వైపు చూస్తున్నాయేమిటని. చూడ్డానికి బాగుంటుందని ఒక్కో బొమ్మను మొత్తంగా పట్టుకుని తిప్పిందట.

"తిప్పావా, బోర్లించావా?"

దాని చెయ్యి ఆగిపోయింది. ఏడో బొమ్మ దగ్గరికి వెళ్లింది. అదొక్కటీ ఎంత తిప్పినా కుదరక బోర్లించిందట. గీతలన్నీ అవే, కానీ అది మందు కాదు, అద్దంలో మందు.

వెంటనే దాన్ని బోర్లించక ముందు ఉన్నట్టే పెట్టేసింది. "ఒక్కటే అటు తిరిగి కూర్చుంది, వికారంగా ఉంది నానమ్మా."

"కూర్చోనీ. ఎటు తిరిగినా అది అదే కదా."

నాలుగున్నరకు మేడమ్ సంతకం వచ్చింది. అప్పుడు దానికి మాట వచ్చింది. ఆ చొక్కా ఏమైందని అడిగింది. చెయ్యి విప్పి కుడతానంటే ఆయన ఏనాడూ ఇవ్వలేదు. పెట్టె అడుగు నుంచి తీసి ఇచ్చాను. నా పిచ్చి తల్లి దాన్ని తొడుక్కునే కంప్యూటర్ ముందు కూర్చుంది. ఎడమచెయ్యి లేవలేదు. కుడిచేత్తోనే పుస్తకం పంపింది.