నలభై రోజుల చాటు

తోక్మోక్ ఊళ్ళో, మేమంతా వాటాల్లో ఉండే అయిదంతస్తుల భవనంలో బిడ్డ పుడితే నలభై రోజులు పరాయి కన్ను పడకూడదు. పాలవాడు గడప దాటడు. పక్కింటావిడ తలుపు తట్టదు. ఆరేసిన పొత్తిగుడ్డలను సైతం పొద్దు వాలకముందే లోపలికి తీసేస్తారు. నా పై అంతస్తులో ఉండే పెద్దావిడ సైరకన్ ఆపా, మనవడు పుట్టిన రోజునే వాకిలికి దుప్పటి కట్టింది, ఊయల కొయ్యకు దిష్టిపూసలు చుట్టింది, కోడలు సెజిమ్‌ను కిటికీ దగ్గరకు పోవద్దంది.

అయితే బంధువులు ఊరుకుంటారా? తలాస్ నుంచి అన్నగారు, నరీన్ నుంచి చెల్లెళ్ళు, ఫోన్ మీద ఫోన్. గడప తొక్కనీయకుండా బిడ్డను చూపించే ఉపాయం ఆపాకే తట్టింది. ఊళ్ళోని చిన్న ఇంటర్నెట్ కంపెనీలో వైర్లు లాగే నన్ను పిలిచింది. నేను నిచ్చెన ఎక్కి ఊయల పైన, బొమ్మతో పాటు మాటనూ అటూ ఇటూ చేరవేసే కెమెరా బిగించి, దాన్ని నడవాలోని రౌటర్‌కు కలిపాను.

“ఆపా, పాస్‌వర్డ్ మార్చాలి. ఫ్యాక్టరీలో పెట్టింది లోకమంతటికీ తెలుసు.”

“ఒకటి నుంచి ఎనిమిది దాకా వరస అంకెలేగా? కంట్లో పొర వచ్చిన మా అన్న కూడా నొక్కగలడు. కష్టమైంది పెడితే ఆయన నన్ను తిట్టిపోస్తాడు.”

“ఎవరైనా దొంగలు...”

“ఏం దొంగలు నాయనా? మా ఇంట్లో ఏముందని? మూడు పరుపులూ, కారిపోయే టీ సమోవారూ!”

ఆపా కొడుకు మక్సత్ సోఫాలో పడుకునే నవ్వాడు. “ఒరేయ్ అజీస్, మేమేమన్నా మంత్రులమట్రా, పనిగట్టుకుని చూడ్డానికి?”

నాకు వాదించడం చేతకాదు. మాట గొంతులోకి వచ్చేలోపే ముఖం కందిపోతుంది. తల వంచుకుని ఆ ఎనిమిది అంకెలనే ఉంచాను. ఇచ్చిన టీ తాగాను. దిగివచ్చాను.

ఇరవై మూడో రోజు మధ్యాహ్నం సెజిమ్ నా తలుపు తట్టింది. తలగుడ్డను గొంతు దాకా బిగించి కట్టుకుంది.

“అజీస్, ఆ యంత్రం నవ్వింది.”

“ఏ యంత్రం ఎజే?” అక్కలాంటి ఆమెను అలాగే పిలుస్తాను.

“ఊయల మీదిది. బిడ్డకు పాలిస్తున్నా. మగ గొంతు, ఏ భాషో తెలీదు, ఏదో అంది. ఇంకో గొంతు నవ్వింది. అత్తయ్య పరుగెత్తుకొచ్చి, తలాస్ పెద్దాయనే అనుకుని దానికి సలాం పెట్టింది. మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయని అడిగింది. వాడు మళ్ళీ నవ్వాడు.”

నేను పైకి వెళ్ళి రౌటర్ జాబితా తెరిచాను. ఆ క్షణాన ఆ కెమెరాలో కన్ను పెట్టినవారు ముప్ఫై ఎనిమిది మంది. బంధువుల ఇళ్ళు పదకొండు. తక్కినవన్నీ పేరులేని అంకెలు, నేను పటంలో వెతుక్కోవలసిన ఊళ్ళు. కెమెరా చూపే బొమ్మను మాత్రం తెరవలేదు. మూత తీయకుండానే కుళ్ళు వాసన తెలిసిపోయే గిన్నె అది.

ఆ సంఖ్య చెప్పేసరికి ఆపా ముఖం పాలిపోయింది. గబగబా వంటింట్లోకి వెళ్ళి, పెనం మీద దిష్టి తీసే గింజలు వేసి, చిటపటలాడే పొగను కెమెరా చుట్టూ మూడుసార్లు తిప్పింది. తర్వాత నడవాలోకి వచ్చి రౌటర్‌కూ మూడుసార్లు తిప్పింది. తెల్లని పెట్టె మీద మసి అంటుకుంది.

“పోయింది. ఇక ఏ కన్నూ తగలదు.”

“పొగతో పోదు ఆపా. అంకెలు మార్చాలి.”

“మార్చి, పదకొండిళ్ళకూ ఫోన్ చేసి నేర్పేదెవరు? నువ్వా?”

సెజిమ్ నా వైపు చూసింది. నేను మార్చేశాను.

మరునాటికే తలాస్ పెద్దాయన అలిగాడు. తోబుట్టువు ముఖం మీదే తలుపు వేసిందని ఏడ్చాడట. మక్సత్ అగ్గిపుల్ల తీసి, రౌటర్‌కూ కెమెరాకూ ఉన్న చిన్న రంధ్రాలలో గుచ్చి పట్టుకున్నాడు. రెండూ ఫ్యాక్టరీనాటి స్థితికి వచ్చాయి. ఎనిమిది అంకెలూ వరసగా తిరిగి వచ్చాయి.

“ఎందుకలా చేశావు బాయ్కే?” అని మెట్ల మీద మక్సత్‌ను అన్న వరసతోనే అడిగాను.

“పెద్దాయన మనసు కష్టపెట్టమంటావా? వాళ్ళెవరో ఎక్కడో ఉన్నారు. చూస్తే చూడనీ, అరిగిపోతుందా?”

ఆ మాట అతను తన భార్య గురించి అన్నాడు. పొద్దుతిరుగుడు గింజల తొక్కలు మెట్ల మీద ఉమ్ముతూ అన్నాడు. ఆమె తలుపు వెనకాలే నిలబడి విన్నది.

మరునాడు పట్టపగలు. వాకిట్లో ఆడవాళ్ళు తివాచీలు దులుపుతున్నారు, నేను స్తంభం దగ్గర నిచ్చెన మీద ఉన్నాను. సెజిమ్ బిడ్డను ఎత్తుకుని బయటికి వచ్చింది. బిడ్డ ముఖం మీద గుడ్డ లేదు. దులిపే కర్రలు గాలిలోనే ఆగాయి. ఒకావిడ తలగుడ్డ కొంగుతో కళ్ళు మూసుకుంది.

“కప్పవే, కప్పు! నలభై కాలేదు!”

“ఎందుకు కప్పాలి? లోకమంతా చూసేసింది. మీరే వెనకబడ్డారు, రండి, చూడండి.”

ఎవరూ రాలేదు. ఆమె నిచ్చెన కిందికి వచ్చి తలెత్తింది.

“మొదటి రోజే నీకు తెలుసు కదా?”

“తెలుసు ఎజే.”

“మరెందుకు బిగించావు?”

“గట్టిగా చెప్పడానికి... మొహమాటపడ్డాను.”

“నీ మొహమాటం ఎంత ఖరీదో చూశావా,” అంది. బిడ్డతో మినీ బస్సు ఎక్కి పుట్టింటికి వెళ్ళిపోయింది.

వాకిట్లో ఆ వారమంతా ఇదే మాట. కోడలికి సిగ్గు లేదన్నారు, బిడ్డకు జ్వరం వస్తుందన్నారు. రౌటర్ ఊసు ఎవరూ ఎత్తలేదు. నేనే నలుగురిని ఆపి, మీ ఇళ్ళలోనూ అవే అంకెలున్నాయి, మార్చనా అని అడిగాను. “మా పెట్టెకేం రోగం? దీపాలన్నీ వెలుగుతున్నాయిగా” అంది ఒకావిడ. తక్కినవాళ్ళు తమ దారిన నడిచిపోయారు.

నాలుగో రోజు ఆపా బాల్కనీలోంచి కేకేసింది. “అజీస్, లైను చెడిందేమో చూడు! ఉత్త ఊయలే కనబడుతోందని తలాస్ వాళ్ళు గోల.”

పైకి వెళ్ళి జాబితా తెరిచాను. ఖాళీ ఊయలను నలభై ఒక్కరు చూస్తున్నారు.

“ఎంతమంది నాయనా?”

చెప్పాను. ఆపా కళ్ళు చెమర్చాయి. “చూడు, పాపం! నా మనవడి కోసం ఎంతమంది ఎదురుచూస్తున్నారో.”

ఈసారి నేను ఆమె అనుమతి అడగలేదు. నిచ్చెన వేసుకుని ఎక్కి, తీగ పీకి, కెమెరా మరలు ఒక్కొక్కటే విప్పసాగాను. ఆపా అరిచింది. తలాస్‌కు ఏం జవాబు చెప్పాలంది, మా అమ్మతో చెబుతానంది, ఇక ఈ గడప తొక్కవద్దంది. ఎక్కడ పడిపోతానో అని నిచ్చెన కాళ్ళను రెండు చేతులా పట్టుకుని, ఆఖరి మర ఊడేదాకా తిడుతూనే ఉంది.