రెండు బల్లల మధ్య పల్లం

తెల్లటి గుడ్డ మీద ఒక పల్లం.

రెండు బల్లలు. మధ్యలో రెండు వేళ్ళ సందు. రెంటినీ కప్పుతూ ఒకటే గుడ్డ. కొత్తగా వచ్చినవాళ్ళు చూస్తే ఒకే బల్ల అనుకుంటారు. కానీ ఆ సందు దగ్గర గుడ్డ కొంచెం దిగుతుంది. రొట్టె పొడి అక్కడికే దొర్లుతుంది. సలోమా చూపు కూడా అక్కడికే పోతుంది.

ఇవతల పెద్ద బల్ల. సలోమా, ఆమె భర్త ఎనోస్.

అవతల చిన్న బల్ల. ఒక్కతే కూతురు... లవీనా.

అమెరికాలో, పెన్సిల్వేనియాలో, పాత పద్ధతుల్లో బతికే క్రైస్తవులం మేము; మా ఆమిష్ పల్లెల కట్టుబాటు అది. సంఘం వెలివేసిన మనిషితో ఒకే బల్ల మీద తినకూడదు. ఆ మనిషి చేతి నుంచి ఏదీ అందుకోకూడదు. బల్ల మీద పెడితే తీసుకోవచ్చు. రెండు బల్లల మీద ఒకే గుడ్డ పరిచే ఉపాయం మాత్రం ఏ పెద్దలూ చెప్పింది కాదు. ఎప్పుడో ఎవరో తల్లి కనిపెట్టి ఉంటుంది. కట్టుబాటు కట్టుబాటే, కడుపుతీపి కడుపుతీపే.

లవీనా దొంగతనం చేయలేదు. ఎవరితోనూ లేచిపోలేదు.

పాలు పితుకుతూ ప్రార్థన చేసింది. అంతే.

పుస్తకంలో ఉన్న ప్రార్థన కాదు. అందరిలా మౌనంగానూ కాదు. సొంత మాటలతో, పైకి, పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు — ప్రభువా, ఇవాళ చలిగా ఉంది. ఈ ఆవుకు పొదుగు వాచింది. నువ్వు నాలో ఉన్నావు. నాకు భయం లేదు...

పక్క పొలాల అమ్మాయిలు విన్నారు. ఒకరి వెనక ఒకరు కొట్టంలోకి వచ్చి గడ్డి మీద కూర్చోవడం మొదలుపెట్టారు.

పెద్దలు దానికి గర్వమని పేరు పెట్టారు. సంఘం ముందు మోకరించి తప్పు ఒప్పుకోమన్నారు.

"నా తప్పులు చాలా ఉన్నాయి. అన్నీ ఒప్పుకుంటాను. ఇది మాత్రం తప్పు కాదు," అంది లవీనా.

అప్పుడు ఆమెను వెలివేయడానికి అందరి సమ్మతి అడిగారు. ఆడవాళ్ళ వరసల్లో సంఘ సేవకుడైన డీకన్ ఒక్కొక్కరి దగ్గరా వంగి, నోటి దగ్గర చెవి పెట్టాడు. ఒక్కరు కాదన్నా వెలి ఆగేది.

ఒక్కరు.

సలోమా దగ్గరికి వచ్చాడు. చెవి పెట్టాడు.

"సమ్మతమే," అంది తల్లి.

పదిమందితో చావు పెళ్ళితో సమానమంటారు. ఆ పదిమందిలో ఉండిపోవాలనుకుంది. అది అబద్ధం కాదు. కానీ అసలు భయం వేరే ఉంది... కాదంటే, ఎందుకని అడుగుతారు.

నేర్పింది తానే.

లవీనా చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఒక చలి ఉదయం, సలోమా ఆ పిల్ల చెవిని ఆవు డొక్కకు ఆనించింది. "విను... లోపల వెచ్చగా లేదూ? ఆయన కూడా అలాగే ఉంటాడు. నీ లోపల. పిలిస్తే పలుకుతాడు," అని చెప్పింది. ఆ మాట ఎవరి దగ్గరా విన్నది కాదు, ఎక్కడా చదివింది కాదు. పాలు పితుకుతుంటే ఒకనాడు తనకే తెలిసింది. తెలిసి, సంతోషం పట్టలేక ఏడ్చి, ఏప్రన్ అంచుతో కళ్ళు తుడుచుకుని, పాల బిందె ఎత్తుకుని ఇంట్లోకి వచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు.

పిల్లకు తప్ప.

తల్లి దాచుకుంది. పిల్లకు దాచుకోవడం చేతకాలేదు. వెలి పిల్లకు పడింది.

సమ్మతమన్న ఆ ఆదివారం నుంచి సలోమా ఆవు డొక్కకు నుదురు ఆనిస్తే, అక్కడ ఆవు మాత్రమే ఉంటోంది.

ఈ మధ్యాహ్నం బిషప్ జోనాస్ భోజనానికి వచ్చాడు. సంఘానికి పెద్ద. సలోమాకు సొంత అన్న.

"రా బావా," అన్నాడు ఎనోస్. "మా ఇంట్లో మనుషులకంటే బల్లలు ఎక్కువయ్యాయి. ఎక్కడ కూర్చుంటావో నువ్వే చూసుకో."

జోనాస్ నవ్వలేదు. పెద్ద బల్ల దగ్గర కూర్చున్నాడు.

మౌన ప్రార్థన. తలలు వంగాయి. చిన్న బల్ల దగ్గర లవీనా పెదాలు కదిలాయి. ఏం మాట్లాడుకుంటున్నారో వాళ్ళిద్దరూ... అనుకుంది సలోమా. కన్నకూతురి మీద అసూయ పడింది. పడినందుకు సిగ్గుపడింది.

మెదిపిన బంగాళాదుంపలు. ఎర్ర బీట్‌రూట్ ఊరగాయ. వేడి రొట్టె. ఎవరికీ రుచి తెలియడం లేదు.

"వచ్చే ఆదివారం మోకాళ్ళు వంచితే చాలమ్మా," అన్నాడు జోనాస్. "చెయ్యి పట్టుకుని నేనే లేపుతాను. నిన్నిలా పక్కన కూర్చోబెట్టి తినడం నాకు మాత్రం బాగుందా?"

"మీ చెయ్యి పట్టుకోవాలనే ఉంది మామయ్యా. అబద్ధం చెప్పి పట్టుకోలేను."

"ఇంత మొండితనం నీకు ఎవరు నేర్పారే?"

మాటవరసకే అన్నాడు. జవాబు అడగలేదు.

లవీనా తల్లి వైపు చూడలేదు. బంగాళాదుంపల వైపు చూసింది. ఆ చూడకపోవడమే సలోమాను కోసేసింది.

లవీనా రొట్టె కోసింది. రోజూలాగే తల్లికిచ్చే ముక్కను గుడ్డ మీద, అంచున పెట్టబోయింది — పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. తన వెలి తల్లికి అంటకూడదని ఆమె జాగ్రత్త.

సలోమా చెయ్యి చాపింది.

పల్లం మీదుగా. అరచెయ్యి తెరిచి.

"చేతికియ్యి," అంది.

ఎనోస్ నమలడం ఆపాడు.

"వద్దమ్మా," అంది లవీనా మెల్లగా. "ఇక్కడ పెడతాను, తీసుకో. నిన్ను కూడా ఇటు కూర్చోబెడతారు."

"సలోమా," అన్నాడు జోనాస్.

"నేర్పింది నేనే అన్నయ్యా."

జోనాస్ చెల్లెలి ముఖంలోకి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అదే ఆమెకు భరించరానిదైంది.

"మరి ఆ రోజు సమ్మతమన్నావు కదే..."

సలోమా కళ్ళు గుడ్డ మీదికి దిగాయి.

చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. ముసలి చెయ్యి. ఎదురుగా కూతురి చెయ్యి, రొట్టెతో, గాలిలోనే ఆగి ఉంది. రెండు చేతుల మధ్య రెండు వేళ్ళ సందు.

రొట్టె నుంచి పొడి రాలింది. తెల్లటి గుడ్డ మీద మెల్లగా దొర్లింది...

ఆ పల్లంలోకి.